ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకుంటూ బతకొచ్చా? చెయ్యి ఇప్పటికే నొప్పి పెడుతోంది

కొవ్వూరు_గట్టు:

నమస్తే అండీ అందరికీ. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఇంట్లో అడిగితే "నీ ఇష్టం" అంటున్నారు, స్నేహితులు "సూపర్, మానెయ్" అంటున్నారు. ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరైనా చెబితే తప్ప నాకు తేలేలా లేదు. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాకు 33 ఏళ్లు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను, చేతికి 21 వేలు వస్తుంది. ఇంట్లో మా ఆయన, ఆరేళ్ల పాప, మా అత్తయ్య. రెండున్నరేళ్లుగా ఒక యాప్‌లో సీరియల్స్ రాస్తున్నాను. మొదటిది 60 భాగాలకి అయిపోయింది, రెండోది 210 భాగాలు నడిచింది, ఇప్పుడు రాస్తున్నది 130 దాటింది. రోజుకొక భాగం పెట్టాలి, భాగానికి వెయ్యి పదాల పైనే ఉండాలి. పాప పడుకున్నాక పదింటికి మొదలుపెడితే ఒంటిగంట అవుతుంది. అంతా ఫోన్‌లోనే, కుడి బొటనవేలితో.

ఈ ఏడాది యాప్ నుంచి వచ్చింది పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. జనవరిలో 6,200, ఫిబ్రవరిలో 9,800, మార్చిలో 19,400, ఏప్రిల్‌లో 14,100, మే నెలలో 7,300. మే నెలలో మా అత్తయ్యకి ఆపరేషన్ అయ్యి తొమ్మిది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాం, భాగాలు పెట్టలేదు. తిరిగి వచ్చేసరికి చదివేవాళ్లు సగంమంది లేరు. ఉన్నవాళ్లలో కొందరు "ఇంత బాధ్యత లేకపోతే ఎందుకు మొదలుపెట్టడం" అని కామెంట్లు పెట్టారు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని అవి చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పటికీ సరిగ్గా పట్టడం లేదు.

చెయ్యి సంగతి. మూడు నెలలుగా బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా లాగుతోంది. పోయిన వారం పాపకి స్నానం చేయిస్తుంటే నీళ్ల చెంబు చేతిలోంచి జారి కింద పడింది. పాప నవ్వింది, నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది. బామ్ రాసుకుంటున్నాను, ఇంకా డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మార్చిలో వచ్చినట్టు ప్రతి నెలా వస్తే ఉద్యోగం అక్కర్లేదు. ఉద్యోగం మానేస్తే పగలు రాసుకోవచ్చు, రాత్రి పడుకోవచ్చు, చేతికీ విశ్రాంతి అనిపిస్తోంది. పైగా ఒక ఆడియో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రెండో సీరియల్‌కి 40 వేలు ఒకేసారి ఇస్తారట. కాంట్రాక్టులో అన్ని హక్కులూ, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా అని ఉంది. అది తీసుకుని, ఆ డబ్బుతో రెండు నెలలు నెట్టుకొచ్చి, పూర్తిగా రాతలోకి వచ్చేయొచ్చా? నాకు ఇది సరదా పని కాదండీ, ఇంకో ముప్పై ఏళ్లు రాయాలని ఉంది.

యూసఫ్‌గూడ_రైటర్:

మేడమ్, నేను టీవీ సీరియల్స్‌కి మాటలు రాస్తాను, పన్నెండేళ్లు అయింది. మీరు అడిగిన రెండు ప్రశ్నలనీ కలపకండి. కాంట్రాక్టు వేరు, ఉద్యోగం వేరు. ఆ 40 వేలు చూసి ఉద్యోగం మానెయ్యడం, ఉద్యోగం మానెయ్యాలని ఆ 40 వేలకి సంతకం పెట్టడం, రెండూ నష్టమే.

ముందు కాంట్రాక్టు. కాపీరైట్ చట్టం 1957లోది, 2012లో పెద్ద సవరణ జరిగింది. అందులో 18, 19 సెక్షన్లు రాసేవాళ్లంతా ఒకసారి తెలుసుకోవాలి. హక్కులు ఇచ్చేది రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకి ఇచ్చారో రాయకపోతే అయిదేళ్లే అని లెక్క, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కు వాడకపోతే, కాంట్రాక్టులో వేరేగా రాసి ఉంటే తప్ప, అది తిరిగి మీకే వస్తుంది. చూశారా, చట్టం మీవైపే ఉంది. వాళ్లు "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అని పనిగట్టుకుని రాసేది ఈ వెసులుబాటు మీకు దక్కకుండా చెయ్యడానికే. ఆ రెండు మాటలు కొట్టేయించగలిగితే సగం పని అయినట్టే.

ఇంకోటి. సినిమాలోకి వెళ్లిన రచనని థియేటర్లో కాకుండా మరోచోట వాడినప్పుడు, సౌండ్ రికార్డింగులోకి వెళ్లిన రచనని ఎలా వాడినా, రాయల్టీలో రచయితకి సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు అని ఆ సవరణలో ఉంది. ఆడియో అంటున్నారు కాబట్టి మీకు ఇది ముఖ్యం. అయితే చట్టంలో ఉన్నది చేతికి రావాలంటే కాంట్రాక్టులో స్పష్టంగా ఉండాలి, అందుకని ఒక లాయర్‌కి రెండు మూడు వేలు ఇచ్చి చదివించుకోండి. వాళ్లని మీరు అడగాల్సింది మాత్రం ఇది: తెలుగు ఆడియో ఒక్కటే, అయిదేళ్లు, వేరే భాషకైనా వెబ్ సిరీస్‌కైనా మళ్లీ మాట్లాడుకోవాలి, రచయితగా ప్రతి ఎపిసోడ్‌లో పేరు చెప్పాలి. సంతకం పెట్టేముందు మీరు రాస్తున్న యాప్ నిబంధనలు కూడా చూడండి, ఆడియో హక్కు ఇప్పటికే వాళ్లకి ఇచ్చేసి ఉంటే ఇంకొకరికి ఇవ్వలేరు. ఒక రచన మీద కాపీరైట్ మీ జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఆ 210 భాగాలు మీ పాప ఆస్తి కూడా. 40 వేలని 210తో భాగిస్తే భాగానికి రెండు వందలు కూడా రావడం లేదు.

ఇక ఉద్యోగం. నేను 27వ ఏట ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఉద్యోగం మానేసి మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని హైదరాబాద్ వచ్చాను. మా పని ఎలా ఉంటుందంటే, స్క్రీన్‌ప్లే రైటర్ ఏ సీన్ తర్వాత ఏ సీనో సీన్ ఆర్డర్ ఇస్తాడు, దాని మీద మేం మాటలు రాయాలి, ఎపిసోడ్‌కి ఇంత అని లెక్క. ఎపిసోడ్లు ముందుగా నిల్వ ఉంటే దాన్ని బ్యాంక్ అంటారు. బ్యాంక్ ఉన్నన్నాళ్లు మనుషుల్లా ఉంటాం. అది అయిపోతే పొద్దున ఏడింటికి షూటింగ్ ఉంటే తెల్లవారుజామున నాలుగింటికి వాట్సాప్‌లో సీన్ పంపాలి. ఒక సీరియల్‌కి 140 ఎపిసోడ్లు రాశాక రేటింగ్ రాలేదని ఆపేశారు. చివరి రెండు నెలల డబ్బు ఏడు నెలల తర్వాత వచ్చింది. ఆ ఏడు నెలల్లో ఇంటి అద్దె కోసం చేసిన అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. చెడ్డగా రాసినందుకు కాదు మేడమ్ ఆగిపోయింది, మన చేతిలో లేని కారణాలకి ఆగుతుంటాయి.

మీ అయిదు నెలలూ కలిపి సగటు తీస్తే నెలకి 11 వేల చిల్లర. మార్చిని చూడకండి, మే నెలని చూడండి. మే నెల మీద ఇల్లు నడిస్తే మానెయ్యండి. లేకపోతే పన్నెండు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో, కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమా, డబ్బు ఇచ్చేవాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురు, ఇవి ఉన్న రోజున ఆలోచించండి. ఒకే యాప్ మీద ఆధారపడితే అది ఇంకో ఉద్యోగమే, పీఎఫ్ లేని ఉద్యోగం. చెల్లింపుల్లో 10 శాతం టీడీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటుంటే రిటర్న్ వెయ్యండి, మీ ఆదాయానికి అది వెనక్కి వస్తుంది. మా వాళ్లలో చాలామంది ఆ డబ్బు వదిలేస్తున్నారు.

పలాస_మాస్టారు:

అమ్మా, నేను ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను, 26 ఏళ్ల సర్వీసు. కథలు రాస్తాను, రెండు మూడు నెలలకి ఒకటి. నా మాట మీకు నచ్చకపోవచ్చు కానీ మనసులో ఉన్నది చెబుతాను. ఉద్యోగం వదలకండి.

తెలుగులో మంచి కథ రాసినవాళ్లలో ఎక్కువమంది వేరే పని చేసుకుంటూ రాసినవాళ్లే. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, విశాఖలో బడిపిల్లలకి లెక్కలు చెప్పారు, రిటైరయ్యే దాకా బడిలోనే ఉన్నారు. ప్రపంచ కథల పోటీలో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు గారు కాకినాడలో కెమిస్ట్రీ లెక్చరర్. రావిశాస్త్రి గారు ప్లీడరు, ఆ కోర్టులో చూసిన మనుషులే ఆయన కథల్లోకి వచ్చారు. వీళ్లెవరికీ ఈ నెల బియ్యం కోసం ఈ నెల కథ రాయాల్సిన అవసరం పడలేదు. అందుకే నచ్చనిది చించెయ్యగలిగారు. కారా మాస్టారు అయితే అవార్డు డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ పెట్టారు. ఎప్పుడైనా ఇటు వస్తే తప్పకుండా చూడండి, పాత పత్రికల్లో వచ్చిన కథలు బీరువాల నిండా ఉంటాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పేరు కూడా ఎవరికీ గుర్తులేని రచయితల కథలు మధ్యాహ్నం దాకా నిలబడే చదివాను.

పత్రికల మీద బతుకుదామా అంటే ఆ దారి సన్నబడింది. విపుల, చతుర 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. చతుర నెలకొక నవల వేసేది, అంటే ఏడాదికి పన్నెండు మంది నవలా రచయితలకి చోటు. అది పోయింది. ఆదివారం అనుబంధాల్లో కథ పడితే పారితోషికం వస్తుంది, అందులో అబద్ధం లేదు, కానీ పంపినది పడటానికి నెలలు పడుతుంది.

నా పద్ధతి చెబుతాను. పొద్దున్నే అయిదింటి నుంచి ఆరుంపావు దాకా రూళ్ల నోటు పుస్తకంలో పెన్నుతో రాస్తాను. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది. ఆదివారం రాయను, నడిచి సంతకి వెళ్లి వస్తాను. రోజుకి రెండు పేజీలు వస్తే గొప్ప. రాత్రి ఒంటిగంట దాకా రాస్తే మర్నాడు చదివినప్పుడు సగం కొట్టేయాల్సి వస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు నిద్ర తగ్గించుకుని రాస్తున్నది ఎంతవరకు మీరు రాయగలిగిన దానితో సమానంగా ఉందో ఒకసారి పాత భాగాలు తీసి చదువుకోండి.

బెజవాడ_రాధ:

చెల్లీ, ముందు ఆ చెయ్యి చూపించు. మిగతావన్నీ తర్వాత.

నాకూ ఇదే అయింది, సరిగ్గా ఇదే చోట. నాకు దోసె తిప్పడం కూడా రాకుండా పోయింది, పెనం మీద అట్లకాడ పట్టుకోగానే బొటనవేలి పక్కనుంచి కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేది. నేనూ ఆరు నెలలు బామ్ రాశాను. చివరికి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే, బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించి చెయ్యి చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచీ వంచకముందే కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. డీ క్వెర్వేన్ అని పేరు చెప్పారు, బొటనవేలిని కదిలించే స్నాయువుల చుట్టూ ఉండే పొర వాచిపోవడం. ఒకే వేలితో గంటలు గంటలు ఫోన్ మీద కొడితే వస్తుందట, చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకి కూడా ఎక్కువట. నీది అదేనో ఇంకోటో నేను చెప్పలేను, నరం సమస్య కూడా కావచ్చు, అందుకే డాక్టర్ చూడాలి. నేను ముందే వెళ్లి ఉంటే బొటనవేలు కదలకుండా కట్టే పట్టీతో పోయేది. ఆలస్యం చేసినందుకు ఇంజెక్షన్ దాకా వచ్చింది, ఆరు వారాలు ఆ వేలితో ఒక్క అక్షరం కొట్టలేదు.

ఆ ఆరు వారాలు ఎలా గడిచాయంటే, మాట్లాడి రాశాను. ఫోన్ కీబోర్డులో మైకు బొమ్మ ఉంటుంది కదా, భాష తెలుగు పెట్టుకుని చెబితే అదే టైప్ చేస్తుంది. మొదటి వారం ఏడుపొచ్చింది. మన యాసలో చెబితే దానికి తోచినట్టు రాసుకుంటుంది, పాత్రల పేర్లు మారుస్తుంది, ఒక్క ఫుల్‌స్టాప్ ఉండదు. కానీ పట్టుదలగా పది రోజులు చెబితే అలవాటవుతుంది. డైలాగులు పైకి చెప్పి రాస్తే అవి మనుషులు మాట్లాడినట్టే ఉంటాయి, ఆ లాభం నేను అనుకోలేదు. ఇప్పటికీ మొదటి ప్రతి డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ చెప్పేస్తాను, దిద్దడం మాత్రం కింద బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్ మీద, రెండు చేతులతో. పాత ల్యాప్‌టాప్ అయినా పర్లేదు, కీబోర్డు ఒకటి కొనుక్కో. నలభై నిమిషాలకి అలారం పెట్టుకుని లేచి వంటింట్లో నీళ్లు తాగి రావాలి.

మాస్టారూ, మీరు చెప్పింది గౌరవంగానే విన్నాను, కానీ ఒక మాట. పొద్దున అయిదింటికి మీరు నోటు పుస్తకం ముందు కూర్చుంటే ఇంట్లో ఎవరో ఒకరు పాలు కాస్తున్నారు, టిఫిన్ సంగతి చూస్తున్నారు. ఈ అమ్మాయికి అయిదింటికి ఆ వీలు ఉండదు. పాప స్కూలు, అత్తగారి మందులు, తన ఆఫీసు. అందుకే రాత్రి పది తర్వాత రాస్తోంది, బద్ధకంతో కాదు. ఆడవాళ్లు రాతలో నిలబడాలంటే ముందు ఇంట్లో ఒక గంట వాళ్లది అని రాసిపెట్టినట్టు ఉండాలి. మీ ఆయన "నీ ఇష్టం" అన్నారన్నావు కదా చెల్లీ, ఆ మాట మంచిదే, కానీ దానికి అర్థం ఏమిటో కూర్చోబెట్టి అడుగు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పాప హోంవర్కు, వంటిల్లు సర్దడం ఆయన చూస్తారా? చూస్తే నువ్వు పదకొండింటికల్లా పడుకోవచ్చు. నీకు అన్నిటికన్నా ముందు కావాల్సింది అది, రాజీనామా కాదు.

రోజుకొక భాగం ఆపెయ్యి. నేను వారానికి మూడు చేశాను, సోమ, బుధ, శుక్ర. మార్చేముందు పదిహేను భాగాలు రాసి పక్కన పెట్టుకున్నాను, పైన రైటర్ గారు చెప్పిన బ్యాంక్ అదే. పాఠకులకి ఒక భాగం చివర నిజం రాశాను, చెయ్యి బాగాలేదు, ఇకనుంచి ఈ మూడు రోజులు తప్పకుండా వస్తుంది అని. మొదటి నెల మూడో వంతు మంది వెళ్లిపోయారు, డబ్బు కూడా అంతే పడిపోయింది, ఆ మాట దాచను. నాలుగు నెలలకి మునుపటి సంఖ్య రాలేదు కానీ చాలావరకు వచ్చింది, పైగా ఉన్నవాళ్లు ఉండిపోయారు. చెప్పిన రోజున వస్తే చాలు జనానికి, రోజూ రావాలని లేదు. మన అమ్మలు వారపత్రికల్లో సీరియల్ కోసం వారం వారం ఎదురుచూడలేదా?

కామెంట్లు రాత్రిపూట చదవకు. నేను శనివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక గంట కూర్చుని అన్నిటికీ జవాబిస్తాను. ఆస్పత్రి బెంచీ మీద నువ్వు చదివావన్న వాక్యం దగ్గర నాకు చాలా బాధేసింది. ఆ రాసినామెకి నువ్వు ఎక్కడ కూర్చుని చదువుతున్నావో తెలియదు. తెలిస్తే రాసేది కాదు.

అచ్చు_పుస్తకం:

పుస్తకం సంగతి ఎవరూ అనలేదు కాబట్టి నా లెక్క చెబుతాను. యాప్‌లో రాసిన దాన్ని పుస్తకంగా వేసుకుంటే డబ్బొస్తుందని కొందరు సలహా ఇస్తారు, ఆ లెక్క ముందే తెలిస్తే మంచిది.

మూడేళ్ల కింద సొంతంగా కథల పుస్తకం వేశాను. 160 పేజీలు, 500 కాపీలు. డీటీపీ, కవరు, ప్రింటింగ్ అన్నీ కలిపి 48 వేలు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ధర 180 పెట్టాను. షాపుల వాళ్లకి 40 శాతం పోతే నాకు 108. రెండేళ్లలో షాపుల్లో 190 పోయాయి, హైదరాబాద్, విజయవాడ పుస్తకాల పండగల్లో నేనే స్టాల్లో నిలబడి 120 అమ్మాను, 160 చొప్పున. మొత్తం 39,720 వచ్చింది. ఎనిమిది వేల పైచిలుకు ఇంకా రాలేదు, 190 కాపీలు అట్టపెట్టెల్లో మంచం కింద ఉన్నాయి. ఫోన్‌లో యూనికోడ్‌లో రాసినదాన్ని డీటీపీ వాళ్లు అచ్చు కోసం "అను" అనే వేరే రకం ఫాంట్లలోకి మారుస్తారు, అప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. "కష్టం" కాస్తా "కషం" అయిపోయిన చోట్లు నా పుస్తకంలో రెండు మిగిలిపోయాయి, ప్రూఫు మూడోసారి కూడా చదవాలి.

కానీ ఆ పుస్తకం చూసే ఒకరు అనువాదం పని ఇచ్చారు, ఇంకొకరు పిల్లల పుస్తకాలకి వాక్యాలు సరిచేసే పని ఇచ్చారు. ఇప్పుడు నా రాత ఆదాయంలో ముప్పాతిక వంతు ఆ రెండిటి నుంచే. కథ నుంచి కాదు, కథ రాయగలనని తెలియడం నుంచి. అకౌంట్స్ తెలిసి, తెలుగు చక్కగా రాయగలిగిన మనిషి అంటే బ్యాంకింగ్, పొదుపు, బీమా గురించి తెలుగులో రాసేవాళ్లు కావాల్సిన చోట్లు ఉన్నాయి. ఆ వైపు కూడా చూడండి మేడమ్. అలాంటి పనికి పాఠకులు పారిపోతారన్న టెన్షన్ ఉండదు, కథకి దాచుకున్న మనసు కూడా ఖర్చవదు.

పలాస_మాస్టారు:

రాధమ్మా, మీరు అన్నది నిజం. మా ఇంట్లో ఆ గంట నాకు దొరుకుతున్నది మా ఆవిడ వల్లే, పోస్టులో ఆ సంగతి రాయకపోవడం నా పొరపాటు. ఉద్యోగం గురించి అన్న మాట మీద మాత్రం ఉంటాను.

కొవ్వూరు_గట్టు:

అందరికీ పేరుపేరునా దండాలు. మీ పోస్టులు మా ఆయనకి కూడా చదివి వినిపించాను. రాధక్క రాసింది వినిపిస్తున్నప్పుడు ఆయన ఏమీ అనలేదు, ఆ రాత్రి పాపని దగ్గర కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించారు. నిన్న కూడా. ఎన్నాళ్లు ఉంటుందో చూడాలి, కానీ ఈ రెండు రోజులూ పదకొండింటికి పడుకున్నాను.

ఉద్యోగం ఇప్పుడు మానడం లేదు. మే నెల మీద ఇల్లు నడుస్తుందా అని రైటర్ గారు అడిగిన ప్రశ్నకి కూర్చుని లెక్క వేశాను. పాల డబ్బు, పాప ఆటో, మందులు, కరెంటు బిల్లు రాసేసరికే 7,300 దాటిపోయింది. ఇన్నాళ్లూ అందరి లెక్కలూ చూసే నేను నా లెక్క మార్చి నెల మీద వేసుకున్నాను. కాలేజీలో అడ్మిషన్ల సీజన్ అయ్యాక శనివారాలు సెలవు ఇవ్వగలరేమో, జీతం కొంత తగ్గినా సరే అని అడుగుతాను.

ఆడియో వాళ్లకి మెయిల్ పెట్టాను, తెలుగు ఆడియో ఒక్కటే, అయిదేళ్లు, ఎపిసోడ్‌లో పేరు. ఈరోజు జవాబు వచ్చింది. పేరుకి ఒప్పుకున్నారు, తెలుగు మాత్రమే అన్నదానికి ఒప్పుకున్నారు, ఏళ్ల దగ్గర మాత్రం "మా పాలసీ శాశ్వతమే" అన్నారు, శుక్రవారంలోగా చెప్పాలట. యాప్ నిబంధనల్లో ఆడియో గురించి ఒక పేరా ఉంది, అది నాకు అర్థం కాలేదు, రాజమండ్రిలో మా నాన్నగారికి తెలిసిన లాయర్ గారికి రెండూ ఇచ్చాను.

మాస్టారూ, మీరన్నట్టు పాత భాగాలు తీసి చదివాను. రెండో సీరియల్లో 90 నుంచి 120 దాకా కథ అక్కడే తిరుగుతోంది, అదే గొడవ మూడుసార్లు వచ్చింది. ఆ రోజుల్లో నేను కళ్లు మూసుకుపోతుంటే రాశానని నాకు గుర్తుంది. చదువుతుంటే బాధేసింది, కానీ మొదటి నలభై భాగాలు ఇప్పటికీ నాకు నచ్చాయి.

రేపు సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. రాధక్కా, ఆ పట్టీ పెట్టుకుని కంప్యూటర్ మీద కొట్టొచ్చా? రాత్రి కూడా ఉంచుకోవాలా?

యూసఫ్‌గూడ_రైటర్:

శుక్రవారంలోగా అన్నారంటే కంగారు పడకండి, అందరికీ అలాగే అంటారు. లాయర్ గారు చూడటం అయ్యేదాకా "పరిశీలిస్తున్నాను" అని ఒక లైను పెట్టండి చాలు. పదేళ్లకి ఒప్పుకుంటారేమో అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీకి మొదటి అయిదు భాగాలు పంపండి, పూర్తయిన 210 భాగాలు చేతిలో ఉన్నవాళ్లు తక్కువమంది.

బెజవాడ_రాధ:

నాకు మొదటి మూడు వారాలు రాత్రి కూడా ఉంచమన్నారు, స్నానానికి మాత్రం తియ్యమన్నారు. కంప్యూటర్ మీద కొట్టొద్దన్నారు, కొడితే ఎడమ చేత్తోనే. నీ డాక్టర్ ఏం చెబితే అది చెయ్యి, నాది చూసి చెయ్యకు. వెళ్లేటప్పుడు రోజుకి ఎన్ని గంటలు ఫోన్ మీద కొడుతున్నావో సెట్టింగ్స్‌లో చూసుకుని వెళ్లు, వాళ్లు అడుగుతారు, మనం ఎప్పుడూ తక్కువే చెబుతాం. పక్కన పెట్టుకున్న భాగాలు ఎన్నయ్యాయి?

కొవ్వూరు_గట్టు:

నాలుగు అక్కా. డాబా మీద చెప్పి రాసినవే. అయిదోది సగంలో ఉంది.